ఎంగిలి మాస్కు

పదిహేడో నంబరు పెట్టెలో సుంకులమ్మ ఊపిరితిత్తి పండిన జామకాయ లోపలిలా ఎర్రగా ఉంది. ఇంట్లో సుంకులమ్మ దగ్గుతోంది.

ఈ రెండింటిలో ఏదో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో తెలియక మద్దిలేటి నెల రోజులుగా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. కర్నూలు ప్రయోగశాలలో వేసిన స్టీలు కుర్చీలోంచి లేచాడు, కిటికీ దాకా నడిచాడు, మళ్ళీ వచ్చి గాజు పెట్టె ముందు వంగాడు. చేతిలో ఉన్న కొత్త మాస్కు రబ్బరు పట్టీని బొటనవేలికి చుట్టి లాగి వదులుతున్నాడు. టప్పు. టప్పు.

"రబ్బరు తెగుతుంది మద్దిలేటీ," అంది డాక్టర్ షంషాద్, కంప్యూటరు మీంచి తల తిప్పకుండా.

"తెగనీ మేడం. వాడి పారేసేదే గదా."

పెట్టెలోది నిజంగా అతని పెళ్ళాం సుంకులమ్మదే. ఏడాది కిందట డాక్టరమ్మ పలుగురాయి పిండి మిల్లుకొచ్చి, అక్కడ పనిచేసే ముప్పై ఎనిమిది మంది గొంతుల్లోకి సన్నటి కుంచె దింపి, కంటికి ఆననంత కండ గీరి పట్టుకెళ్ళింది. దానికి ఏవో నీళ్ళు తాగించి నాలుగు నెలల్లో రూపాయి బిళ్ళంత ఊపిరితిత్తి మొలిపించింది. మనిషికొక పెట్టె. బిళ్ళ కింద చిన్న తిత్తి. తిత్తి ఆడుతుంటే బిళ్ళ కూడా ఉబ్బుతుంది, తగ్గుతుంది, నిద్రపోయే పిల్లి పొట్టలా. ఎదురుగా ఫ్యాను. ఫ్యాను ఎగరేసేది మిల్లులోంచి తెచ్చిన రాతిపిండినే. పిండికీ బిళ్ళకీ మధ్య ఒక మాస్కు ముక్క, రోజూ కొత్తది. మిల్లులో మనిషి ఎంత పీలిస్తే పెట్టెలో అదీ అంతే పీలుస్తుంది. పెట్టెలోది ఎలా ఉంటే మనిషీ అలాగే ఉండాలి.

దానికి డాక్టరమ్మ పెట్టిన ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. సంచులు కుట్టే ఆడవాళ్ళు "జోడు" అన్నారు. ఎద్దుకి జోడు, చెప్పుకి జోడు, ఊపిరికీ జోడు. మద్దిలేటి కర్నూలు నుంచి వచ్చినప్పుడల్లా సుంకులమ్మ అడిగేది, "నా జోడు ఎట్లుందయ్యా? దానికన్నా వేళకి తిండి పెడతాండారా?"

డాక్టరమ్మ సుంకులమ్మవి రెండు ఎక్స్‌రే ఫిల్ములు లైటు ముందు పెట్టింది. "ఇది ఎనిమిది నెలల కిందటిది. ఈ చుక్కలు అప్పుడు ఆవగింజలంత. మాస్కులు మొదలుపెట్టాక ఇవి పెరగకూడదు. ఇప్పుడు చూడండి."

మద్దిలేటి చూశాడు. "కందిగింజలు," అన్నాడు.

"ఆమె మాస్కు పెట్టుకుంటుందా?"

"పెట్టుకుంటాది."

"రోజూ కొత్తదేనా?"

మద్దిలేటికి ఒళ్ళు మండింది. "గేటు కాడ నిలబడి నా చేత్తో ఒక్కొక్కరికి ఇస్తా మేడం. పొద్దున పనిలోకి దిగేటప్పుడు మొహాలు చూస్తా. తుమ్మిపూల మాదిరి ఉంటాయి, ఒక్క మరక ఉండదు. కాకుంటే మూడు అనే అచ్చు అప్పటికే వెలిసిపోతాంది. కంపెనీవోళ్ళు సిరాలో కూడా కక్కుర్తి పడతాండారు."

డాక్టరమ్మ అతని చేతిలోని మాస్కు కేసి చూసింది. దానిమీద '3' అనే అంకె నిండు నీలంగా ఉంది. "ఇది బాగానే ఉందే?"

టప్పుమనే చప్పుడు ఆగిపోయింది.

*

ఆ మూడో నంబరును ఎంచింది మద్దిలేటే. నాలుగో తరగతిలో పలక పగిలితే కొత్తది కొనేవాళ్ళు లేక బడి మానేసినవాడు. ఇది కావాలా అది కావాలా అని అతన్ని పుట్టినప్పటి నుంచీ ఎవరూ అడగలేదు. ఉన్న పని చేశాడు, ఇచ్చిన కూలి తీసుకున్నాడు, చూపించిన పిల్లను కట్టుకున్నాడు. యాభైకి దగ్గరపడ్డాక డాక్టరమ్మ అయిదు మాస్కులు బల్లమీద పరిచి, "మీ మిల్లుకి ఏది మంచిదో మీరే తేల్చండి, రోజంతా పెట్టుకునేది మీరు," అంది.

తల మీదుగా ప్లాస్టిక్ ముసుగు దించి లోపలికి చేదు నీళ్ళు పిచికారీ కొట్టేవాళ్ళు. నాలుక్కి చేదు తగిలిందంటే మాస్కు పక్కల నుంచి గాలి దూరుతోందన్నమాట. చెవులకు తగిలించే ఒకటో నంబరుకి వేపాకు నమిలినంత చేదు. ఊపిరి వదలడానికి మూతబిళ్ళ ఉన్న రెండోది బాగానే ఉంది గానీ మూడు గంటల్లో బిళ్ళలో పిండి ఇరుక్కుని మూసుకోవడం మానేసింది. నాలుగోది మరీ మందం. సంచులు కుట్టే హుసేనమ్మ అరగంటకే దాన్ని గడ్డం కిందికి లాగేసి, "దుమ్ముతో చచ్చేదానికంటే ముందు దీంతోనే చస్తా," అంది. అయిదోది మెత్తగా, మొహానికి అతుక్కున్నట్టు ఉంది. కానీ నూటికి తొంభై అయిదు పాళ్ళే ఆపింది. పైగా సబ్బు తగిలితే పోగులు విడిపోతాయని డాక్టరమ్మే పక్కన పెట్టింది. తలకి రెండు పట్టీలు, ముక్కు మీద వంచే తీగ, గిన్నె ఆకారం ఉన్న మూడో నంబరు తొంభైతొమ్మిది ఆపింది. ఈ అయిదింటినీ పెట్టెల్లో పరీక్షించడంలో పాడైపోయిన ఊపిరి బిళ్ళలు అయిదూ డాక్టరమ్మ సొంత గొంతులోంచి తీసినవే.

మూడోది సరిగ్గా కూర్చోవాలని మద్దిలేటి ముప్పై ఏళ్ళ మీసం తీయించాడు. సుంకులమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "నాటకంలో ఆడయేషం కట్టేటోని మాదిరి ఉండావు."

నవ్వినా పరవాలేదనుకున్నాడు. మొదటిసారి ఒకటి ఎంచాడు, అది సరైనది అయింది. మిల్లులో అందరూ 'మాస్కుల మేస్త్రీ' అని వెక్కిరిస్తుంటే లోపల్లోపల సంతోషపడ్డాడు కూడా.

*

బస్సు దిగి ఇంటి ముందు గడప తొక్కలేదు. సందులోంచి నేరుగా పెరట్లోకి నడిచాడు. ఆదివారం మధ్యాహ్నం. తాడు మీద సుంకులమ్మ ఆకుపచ్చ చీర ఆరుతోంది. చీర ఎత్తాడు. కింద, లోపలి తాడు మీద, ఏడు మాస్కులు వరసగా పట్టీలతో వేలాడుతున్నాయి. ప్రతిదాని మీదా వెలిసిపోయిన మూడు.

సిరాలో కక్కుర్తి పడింది కంపెనీ కాదు. లోకమంతా తనని మోసం చేస్తోందనుకునేవాడికి ఇంట్లో తాడు కనపడదు.

"సుంకులమ్మా!"

ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గోడ పట్టుకుని నిలబడి ముందు దగ్గింది, తర్వాత మాట్లాడింది. "ఏంది ఆ అరుపు? పాము చూసినావా?"

"ఇవేంది?"

"కండ్లు కనపడ్లేదా? మాస్కులు."

"పారేయమని చెప్తి గదా!"

"చినిగిందా, చివికిందా? బంగారం మాదిరి ఉంటే ఎట్ల పారేస్తారు?"

"పారేయకుంటే పోనీ. కడిగేదేంటికి?"

సుంకులమ్మ అతనికి మతి పోయిందేమో అన్నట్టు చూసింది. "నోటికి ఆనింది గదయ్యా. ఎంగిలి. ఎంగిలిదాన్ని కడక్కుండా మళ్ళా మూతికి ఎట్ల పెట్టుకునేది? మనిషివా, ఇంకేమన్నానా?"

"చీర కింద ఏంటికి దాచినావు?"

"ఎంగిలిబట్ట నలుగురి కండ్లబడేట్టు ఆరేస్తారా ఎవరన్నా?"

మద్దిలేటి అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. కాళ్ళు ఆగడం లేదు. "నువ్వొక్కదానివేనా?"

"అందరమూ. హుసేనమ్మ అయితే కుంకుడుకాయ నురగలో నానబెడతాది. దానివి నావాటికంటే తెల్లగా వస్తాయి."

"మరి దినామూ నేనిచ్చే కొత్తవి?"

ఆమె లోపలికి నడిచి, మంచం కింది రేకు పెట్టె బయటికి లాగి మూత తీసింది. పదేసి చొప్పున దారంతో కట్టిన మాస్కులు. పెట్టె అంచుల దాకా. నీలం నీలంగా, నిగనిగలాడుతూ, అన్నిటి మీదా మూడు.

"ఇచ్చేటోళ్ళు ఎన్నాళ్ళిస్తారయ్యా? ఈ యేడు ఇస్తారు. వచ్చే యేటికి డాక్టరమ్మ ఉంటాదో, పోతాదో. అప్పుడు ఏం పెట్టుకుంటావు? నువ్వు జల్లెడ కాడుండేటోనివి, పిండంతా నీ మొగానికే కొడతాది. నువ్వు చూస్తే దినామూ ఒకటి పారేసి వస్తివి. ఇంట్లో ఒకరికన్నా ముందుచూపు ఉండాల గదా." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. ఆ తీసుకోవడంలో సన్నగా ఈల వినపడింది. "నాదేముంది, మూలన కూర్చొని సంచులు కుట్టుకునేదాన్ని."

మద్దిలేటికి అరవాలని ఉంది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. పెట్టె మూత దబ్బున వేశాడు.

*

మర్నాడు ప్రయోగశాలలో డాక్టరమ్మ బల్ల సొరుగులోంచి దువ్వెన తీసింది. జుట్టులో నాలుగుసార్లు దువ్వి, చింపిన కాగితం ముక్కల మీద పెట్టింది. ముక్కలు ఎగిరి దువ్వెనకు అతుక్కున్నాయి. దువ్వెనను సబ్బు నీళ్ళలో ముంచి మళ్ళీ పెట్టింది. ఒక్క ముక్క కదల్లేదు.

"మాస్కులో ప్రతి పోగూ దువ్విన దువ్వెనే. దుమ్మును ఆపేది గుడ్డ కాదు, ఈ పట్టు. సబ్బు తగిలితే పట్టు పోతుంది. గుడ్డ మాత్రం అలాగే ఉంటుంది, ఇంకా తెల్లగా."

సుంకులమ్మ తాడు మీంచి మద్దిలేటి తెచ్చిన మాస్కును మిషనులో పెట్టి చూసింది. తొంభైతొమ్మిది ఆపాల్సింది ఇరవై రెండు ఆపింది.

ఆమె మిషను కట్టేసింది. "నేను కూడా ఇంట్లో ఎంగిలి గ్లాసు ముట్టను మద్దిలేటీ. చిన్నప్పుడు మా నాన్నమ్మ చేతిలో దెబ్బలు తిన్నాను దానికోసం. ఈ గదిలోకి వచ్చేటప్పుడు ఆ మాట గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలేసి వచ్చాను."

ఆ మధ్యాహ్నమే మిల్లు మేనేజరు శేషఫణికి చెప్పారు. అతను ఫోనులో నవ్వాడు. "ఇరవై రెండు అనేది ఒక అంకె మేడం. ఆమెకి జబ్బు ముందే ఉంది. మాస్కు మంచిదే, వాడే మనుషులే మంచోళ్ళు కారు. గోడకి ఒక నోటీసు అంటిద్దాం, అందరితో సంతకాలు తీసుకుందాం, అయిపోతుంది."

"వేలిముద్రలు అనండి సార్," అన్నాడు మద్దిలేటి పక్కనుంచి.

ఫోను పెట్టేశాక డాక్టరమ్మ పెట్టెల వరస కేసి చూసింది. "కళ్ళకి చూపిస్తే కాదనలేడు. కడిగిన మాస్కును ఒక జోడు ముందు పెట్టి వేగంగా తిప్పాలి. నెల పిండి ఒక రోజులో. ఎనిమిది రోజుల్లో తేలిపోతుంది. కానీ నాది కొత్తగా మొలవాలంటే నాలుగు నెలలు. అప్పటిదాకా వాళ్ళు కడుగుతూనే ఉంటారు."

ఆమె కళ్ళు పదిహేడు మీద ఆగాయి. వెంటనే పక్కకి తిప్పుకుంది. "అది వద్దు. మంచి జోడును తిరిగి మనిషి ఊపిరితిత్తికి అతికించే పని మొదలైంది. మూడేళ్ళు పట్టొచ్చు, అయిదు పట్టొచ్చు. సుంకులమ్మకి ఉన్నది ఆ ఒక్క దారి. మరకలు పడ్డ ఊపిరి నుంచి రెండో జోడు మొలవదు."

మద్దిలేటి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. "పద్దెనిమిది నాది గదా మేడం."

"మీ ఫిల్ములో కూడా ఆవగింజలున్నాయి మద్దిలేటీ. మీకూ ఇంకోటి మొలవదు. రేపు మీకు అవసరమైతే..."

"నేను దినామూ కొత్తది పెట్టి పారేసేటోణ్ణి. నాకేమవుతాది? తిప్పండి."

సుంకులమ్మ కడిగిన మాస్కులోంచి ఒక ముక్క కత్తిరించి పద్దెనిమిదో పెట్టెలో బిగించారు. ఆమె ఎంగిలి, అతని ఊపిరికి అడ్డం. ఫ్యాను హోరు పెరిగింది.

*

ఆ ఎనిమిది రోజులూ మద్దిలేటి పొద్దున్నే గేటు కాడ మాస్కులిచ్చి కర్నూలు బస్సెక్కాడు, మధ్యాహ్నానికి తిరిగొచ్చి రెండో షిఫ్టులో దిగాడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళాడు.

మొదటి రోజు పనికి దిగేముందు ఆడవాళ్ళందరినీ నిలబెట్టి చెప్పాడు. "ఉతకొద్దు. ఉతికితే దాంట్లో సత్తువ పోతాది."

హుసేనమ్మ నడుముకి కొంగు బిగిస్తూ, "ఏం మేస్త్రీ, మీసంతో పాటు ఇంగితం కూడా తీసిచ్చినావా మంగలికి? ఎంగిలి గుడ్డ ఉతకొద్దంటివి, రేపు పండ్లు తోమొద్దంటావా?" అంది. అందరూ నవ్వారు. సుంకులమ్మ కూడా నవ్వి, నవ్వు మధ్యలో వంగిపోయి దగ్గింది. మర్నాడు గేటు కాడ ముప్పై ఎనిమిది కొత్తవి ఇచ్చాడు. లోపల చూస్తే చాలా మొహాల మీద మూడు వెలిసిపోయే ఉంది. నోటితో చెబితే వినేదైతే లోకం ఎప్పుడో బాగుపడి ఉండేది.

మూడో రోజుకి పద్దెనిమిదో బిళ్ళ అంచు పసుపు తిరిగింది. అయిదో రోజుకి మీద బూడిదరంగు చుక్కలు లేచాయి, చీమగుడ్లలా. ఆరో రోజు నుంచి బిళ్ళ ఒక పక్కే ఉబ్బడం మొదలుపెట్టింది. మద్దిలేటి గాజుకి మొహం ఆనించి దాంతో పాటు తానూ పీల్చడం, దాంతో పాటు వదలడం చేశాడు. అది ఎక్కడ తడబడితే తనకీ అక్కడ గుండెలో పట్టేసేది. పక్కన పదిహేడు మాత్రం ఏమీ ఎరగనట్టు తన పాటికి తాను ఎర్రగా ఉబ్బుతోంది, తగ్గుతోంది.

ఎనిమిదో రోజు శేషఫణిని కూడా తీసుకొచ్చారు. అప్పటికి పద్దెనిమిదిలో బిళ్ళ ఎండిన వడియంలా బిగుసుకుపోయి ఉంది. కింద తిత్తి ఆడుతూనే ఉంది. మీద ఏమీ కదలడం లేదు.

"ఇది ఎవరిది?" అన్నాడు శేషఫణి.

"నాది," అన్నాడు మద్దిలేటి.

శేషఫణి ఆ పెట్టెనీ ఈ మనిషినీ మార్చి మార్చి చూశాడు. మెడ దగ్గరి బొత్తాం విప్పుకున్నాడు. "సరే. నోటీసు పెద్దక్షరాలతో కొట్టిద్దాం."

"నోటీసు వద్దు సార్. మాస్కు మారుద్దాం. అయిదో నంబరు."

డాక్టరమ్మ తలెత్తింది. "అది సబ్బుకి ఆగదని మనమే తీసేశాం కదా?"

"అందుకే."

"తొంభైతొమ్మిది వదిలి తొంభై అయిదా?" అన్నాడు శేషఫణి. "లెక్క తెలిసే మాట్లాడుతున్నావా?"

"తొంభైతొమ్మిది మీ పెట్టెలో సార్. మా పెరట్లో అది ఇరవై రెండు." మద్దిలేటి మొదటిసారి ఒకచోట నిలబడ్డాడు. "ఇది ఉతికినారనుకో, పిండయిపోతాది. ఉతక్కుండా మళ్ళా పెట్టుకుంటారా అంటే, ప్రాణం పోయినా పెట్టుకోరు, ఎంగిలి. ఇంక యాడికి పోతారు? దినామూ కొత్తది తీయాల్సిందే. ఇయ్యేది ఆపం అని మీరు మాటిస్తే, రేకు పెట్టెల్లో దాచేది వాళ్ళే మానుకుంటారు."

ఆ "ఆపం" దగ్గర శేషఫణి ఏదో అనబోయి, పద్దెనిమిదో పెట్టె చూసి మానుకున్నాడు. మాటిచ్చాడు.

అతను వెళ్ళాక డాక్టరమ్మ అంది, "మీరు చదువుకుని ఉంటే మద్దిలేటీ..."

"చదువుకొని ఉంటే నేనూ మూడే అనేటోణ్ణి మేడం."

*

"యోవ్! ఏం మాస్కు తెచ్చినావయ్యా ఇది!"

పెరట్లో ఎండ ఇంకా వాలలేదు. పని నుంచి వచ్చి చొక్కా విప్పుతున్న మద్దిలేటి పరుగున వెళ్ళాడు. సుంకులమ్మ సత్తు గిన్నె ముందు గొంతుక్కూర్చుని ఉంది. చేతుల నిండా తెల్లటి గుజ్జు. వేళ్ళ సందుల్లోంచి రెండు పట్టీలు వేలాడుతున్నాయి.

"సబ్బు చూపిస్తే చాలు, సంగటి మాదిరి అయిపాయె! దాచిన మూడు నెంబరువన్నీ వెనక్కి తీసుకపోతివి, అవి ఎట్లుండె, ఇది ఎట్లుంది! ఎవుడబ్బా దీన్ని ఎంచింది?"

"నేనే."

"నువ్వెంచితే ఇట్లనే ఉంటాది." గుజ్జు విదిలించి కొట్టింది. "ఇప్పుడు రేపటికి ఏం పెట్టుకోవాల?"

"కొత్తది."

"దినామూ కొత్తదేనా? హుసేనమ్మ కూడా అదే తిట్టు. దాని కుంకుడు నురగలో అయితే పట్టీలు కూడా మిగల్లేదంట."

మద్దిలేటి లోపలికి వెళ్ళి కొత్తదొకటి తెచ్చాడు. ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టి, పై పట్టీ కొప్పు మీదుగా తీసి నడినెత్తిన కూర్చోబెట్టాడు. రెండో పట్టీ చెవుల కిందుగా మెడ మీదికి దించాడు. టప్పుమంది. ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్ళతో ఎముక వంపు వెంట నొక్కాడు.

"ఊదు."

ఊదింది. అంచుల్లో ఎక్కడా గాలి తగల్లేదు.

"నా జోడు ఎట్లుంది?" అంది మాస్కులోంచి. రోజూ అడిగే మాటే.

"ఎర్రగా ఉంది. జామపండు మాదిరి."

"నీది?"

మద్దిలేటి వేళ్ళు తీగ మీదే ఉన్నాయి. ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"కడిగినాం," అన్నాడు. "పోయింది."

సుంకులమ్మ పకపకా నవ్వింది. తననే వెక్కిరిస్తున్నాడనుకుంది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు సద్దుమణిగేదాకా అతను ఆమె ముక్కు మీంచి వేళ్ళు తీయలేదు, ఒక్క రవ్వ గాలి కూడా పక్కనుంచి దూరకుండా.